పాసులు లేని ఊరు

"కలెక్షన్ లేదు" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సినిమా గురించి అన్నా మండుతుంది, హోటల్ గురించి అన్నా మండుతుంది. మా ఊరి బస్సును మాకు కాకుండా చేసింది ఆ రెండు మాటలే. అందులో మా చెయ్యి కూడా ఉంది. మొదటి చెయ్యి నాది.

మా ఊరు శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు పోయే దారిలో, రోడ్డు వదిలి లోపలికి ఉంటుంది. తొంభైల మధ్యలో అటువైపు ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు తప్ప ఏమీ లేవు. బాపు ఒక ద్రాక్షతోటలో పనిచేసేవాడు. మా సొంతానికి ఎకరంనర ఉంటే అందులో అమ్మ పాలకూర, కొత్తిమీర పెట్టేది. పొద్దున ఏడింటికి పంచాయతీ ఆఫీసు ముందు బస్సు తిరిగేది. అది శామీర్‌పేట, తూంకుంట, అల్వాల్ మీదుగా సికింద్రాబాద్ పోయి, సాయంత్రం ఐదున్నరకు మళ్లీ మా ఊరు చేరేది. ఆర్డినరీ బస్సు. అది వస్తుంటే బస్సు కంటే ముందు దాని మోత వచ్చేది. ఆ మోత విని జడలు వేసుకోవడం మొదలుపెట్టినా అందుకోవచ్చు, అంత నిదానంగా వచ్చేది.

నేను అప్పుడు సికింద్రాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. చెల్లె అల్వాల్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం. ఇద్దరికీ స్టూడెంట్ పాసులు ఉండేవి. ఆ పాసు ఎంత చవకంటే బాపు దాన్ని ఖర్చని ఎప్పుడూ అనలేదు. టికెట్ కొని చదువుకోవాలంటే మాత్రం ఇద్దరికీ చదువు లేనట్టే. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఇల్లు చూస్తేనే తెలిసేది.

బస్సు ఎప్పుడూ నిండుగా ఉండేది. కాలేజీ పిల్లలు, హైస్కూలు పిల్లలు, బొల్లారంలో పనికి పోయేవాళ్లు, కూరగాయల గంపలతో ఆడవాళ్లు. తూంకుంట దాటేసరికి కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అయినా ఒకరోజు కండక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట విని నేను బిత్తరపోయాను. ఆయన మా రూట్లో ఏళ్ల తరబడి ఉన్న పెద్దమనిషి, ఆడపిల్లలందరినీ బిడ్డా అనేవాడు.

"బస్సు నిండుగనే ఉంటది బిడ్డా, నా సంచి మాత్రం ఖాళీగుంటది. సగం మంది పాసులోళ్లే. పాసులోళ్లు ఎంతమంది ఎక్కినా కలెక్షన్ల వడరు. వచ్చే సోమారం నుంచి వారం రోజులు మన ట్రిప్పు లెక్క తీస్తరట. పైసలు రాకపోతే బందు వెడ్తరు. నేను చెప్పిన్నని ఎవ్వల్తోని అనకు, నా నౌకరీకి వస్తది."

నలభై మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి పోతుంటే ఆ బస్సు ఖాళీగా పోతోందట! బస్సుల ఆఫీసువాళ్లారా, పాసు ఇచ్చింది మీరే, దానికి డబ్బు కట్టించుకున్నది మీరే, ఎక్కాక మమ్మల్ని మనుషుల్లో లెక్కవేయనిదీ మీరే. ఆ రోజంతా నేను క్లాసులో ఏం విన్నానో నాకే తెలియదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా బుర్రలో ఒక ఉపాయం తయారైంది. ఆ ఉపాయం తలుచుకుని అప్పుడు ఎంత మురిసిపోయానో, తర్వాత ఏళ్ల తరబడి అంత నెత్తి కొట్టుకున్నాను.

ఉపాయం ఏమిటంటే, ఆ వారం రోజులు ఊళ్లో ఎవరూ పాసు బయటికి తీయకూడదు. అందరం టికెట్ కొనాలి.

ఇల్లిల్లూ తిరిగాను. పిల్లల తల్లులతో మాట్లాడాను. కొందరు గుడ్లమ్మిన పైసలు తీశారు, కొందరు ఇంట్లో దేవుడి ముందు పెట్టుకున్న హుండీ పగలగొట్టారు. పటేలు ఒకాయన, ఎన్నికల్లో నిలబడాలని అప్పటికే మనసులో ఉన్నవాడు, "నా తరఫున పదిమందిని రోజు శామీర్‌పేట దాంక పంపిస్త, టికెట్లు నాయి" అన్నాడు. ఊళ్లో ఎవరూ నా మాట కాదనలేదు, ఎదురు మా ఇంట్లోనే వచ్చింది.

"పాసుకు పైసలు కట్టినం గద. మల్ల టికెట్ ఎందుకు కొనాలె?" అంది చెల్లె. "గదే బస్సు, గదే సీటు. గట్లనైతే మనం పాసులోళ్లం కానే కాదని మనమే జెప్పినట్టైతది."

"నీ ఒక్కదాని గురించేనా? ఊరి గురించి సోంచాయించవా?" అని గదిమాను. డిగ్రీ చదివే అక్కనాయె, ఇంటర్ పిల్ల మాట నాకు ఎక్కుతుందా? చెల్లె మూతి ముడుచుకుని టికెట్ కొంది.

ఆ వారం మా ఊళ్లో తిరునాళ్లే. పనున్నవాళ్లు ఎక్కారు, పని లేనివాళ్లు ఎక్కారు. పటేలు మనుషులు శామీర్‌పేటలో దిగి, చాయ్ తాగి, నడుచుకుంటూ తిరిగొచ్చేవాళ్లు. గంపలకు లగేజీ టికెట్ తీసుకోమంటే రోజూ కండక్టర్‌తో కొట్లాడే ఆడవాళ్లు ఆ ఏడు రోజులూ అడగకముందే పైసలు చేతిలో పెట్టారు. మా అవ్వ జన్మలో సికింద్రాబాద్ చూడలేదు. ఆమె కూడా టికెట్ కొని పోయి, పొద్దంతా బస్టాండులో కూర్చుని, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చింది. "ఏం జూసినవే అవ్వా?" అంటే "బస్సులు" అంది. ఒకరోజు అల్వాల్ రాకముందే చిన్న టికెట్ల కట్ట అయిపోయింది. కండక్టర్ నా వైపు చూసి నవ్వాడు. నేను సీటులో నిటారుగా కూర్చున్నాను, ఊరినంతా ఒంటిచేత్తో నడిపిస్తున్నట్టు.

బస్సు బందు కాలేదు. పదిహేను రోజులు గడిచాక ఒక పొద్దున మోత లేకుండా కొత్త బస్సు వచ్చి పంచాయతీ ముందు నిలబడింది. అన్ని కిటికీలకూ అద్దాలు. ముందు బోర్డు మీద ఎక్స్‌ప్రెస్ అని రాసుంది. ఎవరో పరుగెత్తి కొబ్బరికాయ తెచ్చి కొట్టారు. పటేలు బస్సుకు దండ వేసి, మనోళ్ల తాకత్ జూడున్రి అని అందరికీ చెప్పాడు. నేను చెల్లె భుజం మీద చెయ్యి వేసి ఎక్కాను. కొత్త కండక్టర్ వచ్చి చెయ్యి చాచాడు. పాసులు చూపించాం.

"ఇవి ఆర్డినరీ పాసులు. దీంట్ల నడవయి. టికెట్ తీసుకోన్రి."

టికెట్ ధర అడిగాం. పాతదానికి రెట్టింపు. పైగా చెల్లె కాలేజీ దగ్గర ఆగదట. అది ఎక్స్‌ప్రెస్ స్టాపు కాదట. కొబ్బరిచిప్పలు ఇంకా బస్సు ముందరే పడి ఉన్నాయి. మేం ముప్పై మందిమి బిలబిలా దిగిపోయాం.

శామీర్‌పేట దాకా నడిచి అక్కడ ఆర్డినరీ ఎక్కొచ్చు కదా అని నాకు చాలామంది తెలివి చెప్పారు. అదీ చేశాం. పది రోజులు గంటకు పైగా నడిచాం. మేం చేరేసరికి ఒక బస్సు వెళ్లిపోయేది, తర్వాతది ఎప్పుడొస్తుందో దాని ఇష్టం. నేను రెండో పీరియడ్‌కు చేరేదాన్ని. చెల్లెను లెక్చరర్ బయట నిలబెట్టేవాడు. సాయంత్రం దిగి నడుస్తుంటే దారిలోనే చీకటి పడేది. పదకొండో రోజు బాపు ఇక వద్దన్నాడు.

అర్జీ రాసింది నేనే. బాపు, నేను, పటేలు ముగ్గురం బస్సుల ఆఫీసుకు పోయాం. పటేలు గేటు దగ్గర తెలిసినవాడెవరో కనపడితే అక్కడే ఆగిపోయాడు, లోపలికి మేమిద్దరమే వెళ్లాం. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, కూర్చోమన్నాడు. కసిరి పంపించి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. ఆయన మర్యాదగా ఒక కాగితం తీసి మావైపు తిప్పాడు.

"చూడమ్మా, మేం ఊరికే మార్చలేదు. ఏడు రోజులు లెక్క తీశాం. ఇదిగో, పాసుల గడి. సోమవారం సున్నా. మంగళవారం సున్నా. వారమంతా సున్నాలే. మీది పాసులు లేని ఊరు. అందరూ టికెట్ కొనుక్కుని తిరిగే ఊరికి మంచి బస్సు వేయడం తప్పా?"

నా పాసు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. అందులో నా ఫోటో, దాని మీద వాళ్ల ముద్ర. "ఇట్లాంటివి మా ఊళ్లో నలభై ఉన్నాయి సార్" అన్నాను.

"మరి ఆ వారం ఎందుకు చూపించలేదు?"

"బస్సు బందు పెడతారని, కావాలనే టికెట్ కొన్నాం."

ఆయన కళ్లజోడు తీశాడు. గొంతు మారింది. "లెక్క తీస్తున్నామని మీకు ఎవరు చెప్పారు? ఆ కండక్టరేనా?"

బిడ్డా అని పిలిచి మా మేలు కోరి చెప్పిన మనిషి. ఆయనకు కూడా ఇల్లుంది, పిల్లలున్నారు. నిజం చెబితే ఆయన నౌకరీ పోతుంది. చెప్పకపోతే మా ఊరు పాసులు లేని ఊరే. నేను బాపు వైపు చూశాను.

"ఎవ్వరు జెప్పలే సార్," అన్నాడు బాపు లేచి నిలబడి. "ఆడివిల్లలు తెల్వక జేసిన్రు."

"తెలియక చేసినదానికి నేనేం చేసేది? అర్జీ ఇచ్చి వెళ్లండి. మళ్లీ ఎప్పుడైనా లెక్క తీసినప్పుడు చూద్దాం."

ఏం కాగితమది! నలభై మంది నిలబడి పోతే దానికి కనపడలేదు. మా తల్లుల గుడ్ల పైసలు మాత్రం పైసాతో సహా కనపడ్డాయి. పిల్లలు చదువుకోవడానికి పోతున్నారా, పటేలు చాయ్ తాగడానికి పంపాడా అన్నది దానికి అక్కర్లేదు. ఆ కాగితాన్ని నమ్మినవాళ్లలో ఒక్కడైనా ఒక్కరోజు మా ఊరి బస్సెక్కి నిలబడి ఉంటే తెలిసేది. ఎక్కరు. వాళ్లకు జీపులున్నాయి.

ఆ రాత్రి అన్నాలు తిన్నాక బాపు తేల్చేశాడు. "ఇద్దరికి టికెట్లు నాతోని గాదు. ఒక్కరికైతే ఎట్లనో జేస్త. పెద్దదానికి ఇగ యేడాదే ఉంది, అది పూర్తి జేస్తది. చిన్నది ఇప్పుడే మొదలువెట్టింది గద, ఆగుతది." ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. తెల్లారి నేను ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చెల్లె బాపుతో కలిసి ద్రాక్షతోటకు పోయింది, గుత్తులు కోసి పెట్టెల్లో సర్దడానికి. ఊళ్లో ఇంకా పదిహేను మంది పిల్లలు అట్లాగే ఆగిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

నేను డిగ్రీ పూర్తి చేశాను, తర్వాత బీఈడీ చేశాను, సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక స్కూల్లో టీచరునయ్యాను. చెల్లెకు మేడ్చల్‌లో సంబంధం కుదిరింది. ఆమె అక్కడే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌కు పోతుంది. రెండువేల సంవత్సరం దాటాక మా ఊరి ద్రాక్షతోటలన్నీ తెల్లరాళ్లు పాతిన ప్లాట్లయ్యాయి. ప్లాట్లు చూడటానికి పట్నం నుంచి జనం రావడం మొదలైంది. అప్పుడు ఆర్డినరీ బస్సు దానంతటదే తిరిగొచ్చింది, పొద్దున రెండు, సాయంత్రం రెండు. ఎవరూ అర్జీ పెట్టలేదు, ఎవరూ పాసులు దాచి టికెట్లు కొనలేదు. వెంచర్ల వాళ్లు ఎవరితోనో ఒక్క మాట అన్నారట, అంతే. అందులో పాసు కూడా చెల్లుతుందట. ఆ వార్త తెలిసిన రోజు నేను స్కూల్లో పిల్లల మీద అకారణంగా అరిచాను.

ఈ కథ నేను చెప్పని చోటు లేదు. స్టాఫ్ రూములో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, బస్సులో పక్కసీటు వాళ్లకు కూడా చెప్పాను. ఎప్పుడు చెప్పినా ఆఫీసరు కాగితం తిప్పే దగ్గర నాకు గొంతు లేచేది, వినేవాళ్లు కూడా నాతోపాటు ఆయన్ను తిట్టేవాళ్లు.

ఒక ఆదివారం మా స్కూల్లో పనిచేసే టీచరును వెంటపెట్టుకుని మేడ్చల్‌లో చెల్లె ఇంటికి పోయాను. మాటల మధ్యలో బస్సుల సంగతి వచ్చింది. ఇంకేముంది, మొదలుపెట్టాను. "మీది పాసులు లేని ఊరు" దగ్గరకు వచ్చేసరికి అలవాటు ప్రకారం గొంతు లేచింది. "గాయన కాగితంతోనే నా చెల్లె చదువు ఆగిపోయింది" అన్నాను.

చెల్లె వంటింట్లో చపాతీలు ఒత్తుతోంది. పీట పక్కకు జరిపి, చేతులకు పిండితోనే గుమ్మంలోకి వచ్చింది.

"గాయన్ను ఇంకెన్నేండ్లు తిడ్తవ్ అక్కా?" అంది. కోపంగా కూడా అనలేదు. "గాయన నాకెవరు? నేను ఎట్ల సదువుతుంటినో గాయనకు ఎర్కనా? నీకు ఎర్క. బాపు నన్ను ఆగుమన్ననాడు నేను గాయన దిక్కు చూడలే. నీ దిక్కు చూసిన. తెల్లందాక చూసిన, నువ్వు బస్సెక్కేదాంక."