గడియ లేని తలుపు

తొమ్మిదో తరగతి టీచరమ్మకు ముక్కు మీదే కోపమని బడంతా అనుకునేవారు. ఆ రోజు ఆమె సమాన హక్కుల కోసం ఒక నాయకుడు చేసిన ప్రసిద్ధ ప్రసంగం చెబుతోంది.

"ఒకే మాటను ఆయన అన్నిసార్లు ఎందుకు అన్నాడు?"

"అందం కోసం," అన్నారు ముందు బెంచీవాళ్ళు. గైడులో అలాగే ఉంది.

చివరి బెంచీ పిల్ల లేచింది. "మొదటిసారి ఎవరూ వినలేదు కాబట్టి, టీచర్. మా బాత్‌రూమ్ తలుపుకి గడియ లేదని మేం మాత్రం ఎన్నిసార్లు చెప్పాం?"

టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్ళుగా హెడ్మాస్టరుకు చెప్పి చెప్పి ఆమె నోరూ నొప్పెట్టింది. పుస్తకం మూసి, ఆడపిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆయన గదికి నడిచింది. పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి అదే మాట అన్నారు: "మా తలుపుకి గడియ పెట్టించండి సార్."

"పాఠం చెప్పమంటే పిల్లల్ని రెచ్చగొడతారేంటమ్మా?" అని ఆయన గుడ్లురిమాడు.

"ఇదే పాఠం సార్. ఇంకా సగంమంది బయటే ఉన్నారు, వాళ్ళదీ వినండి."

ఆయనకు వినక తప్పలేదు. మర్నాడు వడ్రంగి వచ్చి గడియ బిగించాడు. వెనకే, పిల్లల్ని రెచ్చగొట్టారంటూ టీచరమ్మకు మెమో కూడా వచ్చింది.

"బోడి గడియ కోసం ఇంత రభసా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"బోడి గడియే కదా, మరి రెండేళ్ళు ఎందుకు పట్టిందండీ?" అంటూ ఆమె మెమో అందినట్టు కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది.