సుజాత మేడం తిప్పనివ్వని డిస్క్

ఫిల్మ్‌నగర్‌లోని మా కెమెరా రిపేరు షాపులో లెన్సులు తుడిచే ఆల్కహాల్ సీసా మూత తీసినప్పుడల్లా, ఆ ఘాటు ముక్కుకు తగలగానే సుజాత మేడం గుర్తొస్తారు. ఆవిడ ఒకప్పుడు గదులకు గదులు ఆక్రమించిన పెద్ద కంప్యూటర్లను చూసుకున్న ఇంజనీరు. రిటైరయ్యాక మధురానగర్‌లో ఉండేవారు. జూబ్లీ హిల్స్‌లో పాత యంత్రాలు సేకరించే ఓ వ్యాపారి ఇంట్లో, సినిమా షూటింగ్ కోసం ఒక పాత కంప్యూటర్‌ను నిజంగానే నడిపించాలని ఆవిడను పిలిపించారు. సున్నితమైన పని అలవాటని మా షాపు నుంచి నన్ను సాయంగా పంపారు.

ఆ కంప్యూటర్‌కి డిస్కులు తిప్పి చదివే డ్రైవే వాషింగ్ మెషీన్ అంత ఉంది. అందులో పెట్టే డిస్క్ ప్యాక్, ఒకదానిపై ఒకటి పేర్చిన గోధుమరంగు పళ్ళేల దొంతరలా ఉంది. మూతపడిన ఏదో ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వచ్చిందట. లోపల ఏముందో వ్యాపారికీ తెలియదు, ఇంకో కాపీ లేదు.

“తుడవడం తర్వాత బాబూ, ముందు చూద్దాం,” అంటూ మేడం టార్చి ఏటవాలుగా పట్టి ఒక్కో పళ్ళేన్నీ పరీక్షించారు. “చదివే హెడ్ దీన్ని తాకదు, సన్నని గాలి పొర మీద తేలుతుంది. ఆ సందులో ధూళి ఇరుక్కుందా, గీసేస్తుంది. రాసిందంతా పోతుంది.”

ప్లగ్గు పీకించారు. ఆల్కహాల్ ఆవిరి నిలవకుండా కిటికీలు తెరిపించారు, దగ్గర్లో సిగరెట్లు ఆర్పించారు. నూగు రాలని గుడ్డను స్వచ్ఛమైన ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, నొక్కకుండా పళ్ళేలు తుడిచారు. హెడ్లకు వేలైనా తగలనివ్వలేదు. పూర్తిగా ఆరేదాకా ఆగమన్నారు.

ప్రొడక్షన్ మేనేజరు రాములు వచ్చాడు. “షాట్ రెడీ ఉంది మేడం. జర తిప్పుండ్రి, గింత భయమేంది?”

“ఇందులో ఏముందో మీకు తెలుసా అండీ?”

“నాకెట్ల తెలుస్తది?”

“నాకూ తెలీదు. అందుకే.”

హెడ్లను దూరంగానే ఉంచి, లోపలి గాలి శుభ్రపడేదాకా ప్యాక్‌ను ఉత్తినే తిప్పారు. తర్వాత హెడ్లను దించగానే గరగరమని చిన్న చప్పుడు. మేడం వెంటనే కరెంటు ఆపేశారు. షూటింగ్ యూనిట్ అంతా చుట్టూ మూగింది. ప్యాక్ పూర్తిగా ఆగాక చూస్తే ఒక హెడ్ అంచున గోధుమరంగు మరక. పళ్ళేల మీద మాత్రం గీత పడలేదు. “పడుంటే ఇక్కడితో మానేసేవాళ్ళం,” అన్నారు. ఆ మరకను మేడమే జాగ్రత్తగా తుడిచాక, మళ్ళీ మొదటి నుంచీ అంతా చేశాం. రాములు మొహం మాడ్చుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ తిప్పితే నిలకడైన హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు. కాసేపటికి తెరమీద చుక్కలు, ఆ చుక్కల్లోంచి తెలుగు అక్షరాలు! కంప్యూటర్‌కి తెలుగు రాని రోజుల్లో ఎవరో చుక్క చుక్కా పేర్చి తయారుచేసుకున్నవి. అందరూ చప్పట్లు కొట్టారు. “నా ‘రా’ ఏడుంది మేడం?” అంటూ రాములు తెర ముందుకొచ్చాడు.

మేడం మాత్రం ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయారు. “ఈ ‘ళ’ చూడు బాబూ. మిగతావాటికంటే ఎంత ముద్దుగా తీర్చారో! తీర్చినవాళ్ళ పేరులో ఈ అక్షరం ఉందేమో.”

ఆ అక్షరాలు పేర్చిన మనిషి కోసం మేడం ఆ తర్వాత చాలామందికి ఫోన్లు చేశారు. అదెవరో తెలియకుండానే ఆవిడ కన్నుమూశారు.

నిన్న ఒకాయన వాళ్ళ నాన్నగారి పాత కెమెరా తెచ్చి, ఎప్పటికి బాగవుతుందని తొందరపెట్టాడు. దాన్ని విప్పకుండా బల్ల మీద పెట్టి, “మీ నాన్నగారు దీంతో ఎక్కువగా ఏం తీసేవారండీ?” అని అడిగాను. ఆయన తొందర మాని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.