రేవులో కొలిచిన ఐదో తరగతి

మా చిన్నప్పుడు బడిలో చేర్చుకోవడానికి పుట్టిన తేదీ అడిగేవాళ్లు కాదు. అడిగినా చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో తక్కువ. పిల్లవాణ్ని నిలబెట్టి, కుడిచెయ్యి నడినెత్తి మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లు. చెవి అందితే ఒకటో తరగతి. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాళ్లు. నాకు రెండుసార్లు అందలేదు. మూడోసారి తల కాస్త పక్కకు వంచి అందుకున్నాను. అయ్యవారు చూసి కూడా చూడనట్టు పేరు రాసుకున్నారు.

ఈమధ్య పేపర్లో చదువుకున్నవాళ్లు వాదించుకుంటున్నారు, ఐదో తరగతి పిల్లలు చిన్నబడిలో ఉండాలా, పెద్దబడిలో ఉండాలా అని. ఒకాయన పిల్లల మనసు గురించి రాశాడు. ఇంకొకాయన ఎంతమంది పిల్లలకు ఒక టీచరు ఉండాలో లెక్క వేశాడు. నేను పెద్దబడి మెట్లు రెండు నెలలకు మించి ఎక్కినవాణ్ని కాదు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆ తర్వాత నా అంతట నేను కూర్చుని నేర్చుకున్నవే. అయినా ఈ సంగతి మాట్లాడే హక్కు వాళ్లందరికన్నా నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఈ ప్రశ్న నన్ను ఎనభై ఏళ్ల కిందటే అడిగారు. నీళ్లలో నిలబెట్టి అడిగారు.

మా ఊరు నాగులేటి వాగుకు ఇవతల. బడి ఒకటే గది, ముందు వసారా. అయ్యవారు కూడా ఒకరే. ఆయన సాయిబు. నెత్తిన తెల్లటోపీ, చేతిలో గొడుగు. పద్యం ఎత్తుకుంటే దారిన పోయేవాళ్లు ఆగి, విని, పోయేవాళ్లు. ఐదు తరగతులూ ఆయనవే. గదిలో నేలంతా నాపరాళ్లు పరిచి ఉండేవి. తలుపు దగ్గరి వరస ఒకటో తరగతిది, దాని వెనక రెండు, అట్లా లోపలికి పోతే అయ్యవారి కుర్చీ పక్కన ఐదో వరస. యుద్ధం రోజులు, కాగితం దొరికేది కాదు. సున్నపురాయి ముక్కతో ఆ బండల మీదే రాసి, తడిగుడ్డతో తుడిచేవాళ్లం.

ఐదో వరసలో కూర్చోవడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు తెలియదు. మధ్యాహ్నం నుంచి ఒకటో తరగతి భారమంతా ఐదో వరస వాళ్లదే. ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లల్ని అప్పగించేవారు. వాళ్ల వేళ్లు పట్టుకుని అక్షరాలు దిద్దించాలి, ముక్కులు తుడవాలి, ఏడిస్తే సముదాయించాలి. నాకు దిద్దించింది ఐదో తరగతి చదివే ఒక చాకలివాళ్ల అబ్బాయి. అతని వేళ్లకు బట్టలుతికే చవుడు వాసన వేసేది. నేనూ ఐదో వరసకు పోవాలని, నా చేతికింద ఇద్దరు ఉండాలని నాలుగేళ్లు ఎదురుచూశాను.

తీరా నాలుగు పాసై సెలవుల తర్వాత బడికి వస్తే ఆ వరస ఖాళీగా ఉంది. ఆ ఏటి నుంచి ఐదో తరగతి వాగు అవతల పెద్దూరి బడికి పోతుందని కాగితం వచ్చిందట. ఒక్క మనిషి ఐదు తరగతులకు చెప్పలేడు, అక్కడైతే తరగతికొక టీచరు, మ్యాపులు, గ్లోబు. ఆ కాగితం రాసినాయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. మంచి జరగాలనే రాశాడు. కాకపోతే ఆయన బల్ల మీద వాగు లేదు.

ఆ ఏడు ఐదుకు పోవాల్సినవాళ్లం ఆరుగురం. నలుగురు మగపిల్లలు నాకన్నా పెద్దవాళ్లు. ఐదోవాణ్ని నేను. ఆరోది మా పెదనాన్న కూతురు, మా అక్క. నాకన్నా ఏడాదే పెద్ద, ఎత్తులో మాత్రం మా అమ్మ భుజం దాటింది.

తొలకరి నీళ్లు వచ్చిన రోజు మునసబుగారు అందరినీ రేవుకు పిలిపించారు. రేవు మధ్యలో ఆడవాళ్లు కడవలు దించుకునే బండ ఒకటి ఉండేది. వానాకాలంలో మామూలుగా నీళ్లు ఆ బండ అంచుదాకా పారతాయి. ఆ రోజూ అంతే ఉన్నాయి.

“బండ పక్కన నిలబెట్టండి,” అన్నారు మునసబుగారు. “చంక తడవకపోతే బడికి పంపండి. తడిస్తే ఇంటికాడ ఉంచుకోండి. రేపు ఏమన్నా అయితే నా మీదపడి ఏడవొద్దు.”

నలుగురు మగపిల్లలూ దిగారు, నిలబడ్డారు, చేతులెత్తి చూపించారు. నా వంతు వచ్చింది. ఊపిరి బిగబట్టి మునివేళ్ల మీద లేచాను.

“ఒరేయ్, మడమలు ఆనించరా!” అని గట్టు మీంచి కేక. “వాగుని మోసం చేస్తావా?”

“చెవి అందుకోటానికే మూడేళ్లు పట్టిందిగా ఈడికి,” అన్నారు ఇంకెవరో. అందరూ నవ్వారు.

మడమలు ఆనించాను. నీళ్లు భుజం ఎక్కాయి. మా నాన్న వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. “వచ్చే ఏటికి పెరుగుతావులేరా,” అన్నాడు, తనేదో తప్పు చేసినట్టు.

అప్పుడు ఎవరూ పిలవకుండానే అక్క దిగింది. నీళ్లు నడుం దాటి జానెడు వచ్చాయంతే. రెండు చేతులూ పైకెత్తి పెదనాన్న వైపు తిరిగింది.

“చూడు నాయనా, తడిసిందా?”

“ఎక్కవే గట్టు. ఆడపిల్లవి, పెద్దూరి బడికి పోయేదేంది?”

“పోయినేడు పత్తి కలుపుకి అవతలికి తోలుకుపోయావుగా. అప్పుడీ వాగు లేదా?”

“అది చేను. ఇది బడి. నోరు మూసుకొని ఎక్కు.”

ఎక్కింది. అయ్యవారు గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. అంతా చూశారు.

మర్నాడు పొద్దున్నే మమ్మల్ని ఇద్దరినీ పిలిచారు. “పుస్తకం ఐదోదే చెప్తా. కూర్చోటం మాత్రం నాలుగో వరసలో. రిజిస్టర్లో మీరు నాలుగు తప్పినట్టు రాసుకుంటా. వేరే దారి లేదు,” అన్నారు.

“రాయండి అయ్యోరూ,” అంది అక్క. “నా పేరు ఎవరు చదవొచ్చారు!”

నేను ఏడ్చాను. “నేను తప్పలేదుగా!”

“తప్పలేదు నాయనా. నాకు తెలుసు. కాయితానికే తెలియదు.”

అది బయటపడితే ఆయన ఉద్యోగానికే ముప్పని మా నాన్న ఇంట్లో చెప్తుంటే విన్నాను. విన్నా నా ఏడుపు తగ్గలేదు. బళ్లో తప్పినవాళ్ల పక్కన నా పేరు ఉంది. అది చాలదూ!

ఆ ఏడంతా నాలుగో వరసలో కూర్చుని భిన్నాలు నేర్చుకున్నాం. మధ్యాహ్నం ఒకటో తరగతి మాది. మిగతావాళ్లు లేరు గనక పదిమందీ మా ఇద్దరికే. అక్క ఏడుగురిని తీసుకునేది, నాకు ముగ్గురిని వదిలేది. నా ముగ్గురూ ఆమె దగ్గరికే పారిపోయేవాళ్లు.

ఒకటే బెంగ. ఐదు పాసైనట్టు కాగితం కావాలంటే పెద్దూరి బళ్లో పరీక్ష రాయాలి. అయ్యవారు ఒకసారి అవతలికి పోయి అడిగి వచ్చారు. జూన్‌లో పేరు లేని పిల్లలకు ఏప్రిల్‌లో పరీక్ష లేదన్నారట. వాగు తగ్గాక జనవరి నుంచి పంపుతామన్నా అదే మాట. ఇన్‌స్పెక్టరుగారు ఒప్పుకుంటే తప్ప వీల్లేదు. ఇన్‌స్పెక్టరుగారిని అడగాలంటే బళ్లో లేని ఐదో తరగతి సంగతి ఒప్పుకోవాలి. అయ్యవారు అడగలేకపోయారు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆయన్ని నేను తప్పుపట్టను.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఇన్‌స్పెక్టరుగారే వచ్చారు. మాకు ముందే చెప్పిపెట్టారు, అడిగితే నాలుగని చెప్పమని. “మీతో అబద్ధమాడిస్తన్నా. ఆ పాపం నాదే,” అన్నారు అయ్యవారు.

ఇన్‌స్పెక్టరుగారు బక్కపలచటి మనిషి, కళ్లజోడు, నెమ్మదస్తుడు. ఒకటో తరగతి దగ్గర ఆగి బండ మీద మాటలు రాయమన్నారు. పదిమందీ రాశారు. ఆయన ఆశ్చర్యపోయి, “ఎవరు నేర్పార్రా మీకు?” అన్నారు. పిల్లలు పదిమందీ అక్క వైపు వేలు చూపించారు. నా ముగ్గురు కూడా.

“ఏ తరగతమ్మా నువ్వు?”

“నాలుగండీ.”

ఆయన రిజిస్టరు తిప్పారు. “నాలుగు తప్పినట్టుందే?”

“తప్పానండీ.” కన్ను కూడా ఆర్పకుండా చెప్పింది.

ఆయన నా వైపు తిరిగారు. నా ముందు బండ మీద పొద్దున చేసిన లెక్క చెరపకుండా ఉంది. దాన్ని చూశారు. “ఇంత లెక్క చేసేవాడివి నాలుగెట్లా తప్పావురా?” అన్నారు. వెక్కిరింత కాదు, నిజంగా తెలియకే అడిగారు. వెక్కిరించి ఉంటే ఓర్చుకునేవాణ్నేమో.

“నేను తప్పలేదండీ!” అన్నాను. “నాలుగు పోయినేడే పాసయ్యా. అక్కా పాసయ్యింది. ఇది ఐదు!”

అయ్యవారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. అక్క నా తొడ మీద గిల్లిన గిల్లుడు మూడు రోజులు కమిలి ఉంది.

అయ్యవారు దాచలేదు. రేవు, చంక కొలత, పెదనాన్న మాట అన్నీ చెప్పారు. ఇన్‌స్పెక్టరుగారు విన్నారు. నాతో రెండు భిన్నాలు చేయించారు, అక్కతో పాఠం చదివించారు. “వస్తుంది, ఇద్దరికీ వస్తుంది. కానీ ఈ బళ్లో ఐదు లేదయ్యా, ఏం చెయ్యను?” అని పుస్తకంలో ఏదో రాసుకుని లేచారు.

ఆయన రేవుకు వచ్చేసరికి ఎగువన వానపడి నీళ్లు బండ మీదుగా పారుతున్నాయి. తలారి ఆయన సైకిలు నెత్తికెత్తుకున్నాడు. తోలుసంచీకి మనిషి కావాలి. “నే తెస్తానండీ,” అని అక్క సంచీ తల మీద పెట్టుకుని ముందు నడిచింది. ఆమె కాలుపెట్టిన చోట ఆయన కాలుపెడుతూ పోయారు. చొక్కా గుండెల దాకా తడిసింది. మా పెదనాన్న గట్టు మీంచి అరుస్తున్నాడు. “జాగర్తమ్మా! దొరగారి సంచీ తడవనీకు!”

అవతలి గట్టు మీద ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అక్కను ఏదో అడగడం కనబడింది. ఏం మాట్లాడారో వెనక్కి వచ్చాక అక్కే చెప్పింది. “నువ్వు రోజూ దాటగలవు గదమ్మా, బడికెందుకు రావు?” అన్నారట. “చేనికైతే పంపుతారండీ,” అందట ఈమె.

మూడు వారాలకు కాగితం వచ్చింది. అయ్యవారు వసారాలో నిలబడి చదివారు. మా ఇద్దరి పేర్లూ రిజిస్టర్లోంచి కొట్టెయ్యాలి. బడి వేళల్లో ఐదో తరగతి పాఠం చెప్పకూడదు. కింద ఇంకొక మాట ఉంది, ఈ ఇద్దరినీ ఏప్రిల్‌లో పెద్దూరి బళ్లో పరీక్షకు కూర్చోబెట్టుకోవాలని. అయ్యవారి ఉద్యోగం ఊసే లేదు. ఆయన కాగితం మడిచి కళ్లకద్దుకున్నారు.

అప్పటినుంచి గంట కొట్టకముందే వసారాలో మా పాఠం. గంట కొట్టాక మేం ఏ బడి పిల్లలమూ కాదు. అయినా ఇంటికి పోలేదు. మధ్యాహ్నం ఒకటో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే లేచి వసారాలోకి వచ్చేవాళ్లు. అయ్యవారు చూసి కూడా చూడనట్టు ఉండేవారు. అది ఆయనకు అలవాటే గదా.

ఏప్రిల్‌లో వాగు ఇసకే. కాగితంలో పేరుందని పెదనాన్న ఆ ఒక్క రోజుకు అక్కను పంపాడు. ఇద్దరం పాసయ్యాం. ఆమెకు నాకన్నా ఎన్ని మార్కులు ఎక్కువ వచ్చాయో ఇప్పుడు కూడా చెప్పను. నేను చదివిన ఐదో తరగతికి ఏ బడి రిజిస్టర్లోనూ నా పేరు లేదు. పాసైన కాగితం మాత్రం ఉంది, ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

చిన్నబడా, పెద్దబడా అని నన్నడిగితే, పెద్దబడి గ్లోబు నేనూ చూశాను, మంచిదే. చేత్తో తిప్పాను. కానీ ఐదో తరగతి వెళ్లిపోయిన చిన్నబళ్లో ఒకటో తరగతి వేలు పట్టుకునేది ఎవరో ఆ లెక్క వేసినాయన రాయలేదు. పెద్దబడికి పోవాల్సిన పదేళ్ల పిల్ల పొద్దున ఏ దారిన నడిచి వస్తుందో, ఆమెను పంపేవాళ్లు ఉన్నారో లేదో కూడా రాయలేదు. నా కోపమంతా అందుకే.

ఆ జూన్‌లో మళ్లీ రేవులో నిలబెట్టారు. నీళ్లు చంకకు రెండు వేళ్లు కిందికి ఆగాయి. పంపొచ్చన్నారు. నేను ఆరో తరగతికి పోయాను. ఆ రెండు నెలలే. మా నాన్న కాలు విరిగి మంచాన పడ్డాక అరక నా చేతికొచ్చింది, బడి పోయింది. అక్కను మాత్రం పంపలేదు. పెద్దమనిషి కాబోతున్న పిల్లన్నారు.

కానీ నన్ను ఒంటరిగా వాగులోకి పంపడానికి మా అమ్మకు ధైర్యం చాలలేదు. మగపిల్లలు నలుగురూ ముందే ఉరికేవాళ్లు, నా కోసం ఆగేవాళ్లు కాదు. “నే దాటిస్తాలే పిన్నీ,” అంది అక్క. దానికి పెదనాన్న కూడా అడ్డు చెప్పలేదు. పొద్దున నా పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని అవతలి గట్టు ఎక్కించి, సంచీ నా భుజానికి తగిలించి, “సాయంత్రం ఏం చెప్పారో అంతా చెప్పాల, మర్చిపోయావా తంతా,” అని వెనక్కి దిగేది. సాయంత్రం నేను వచ్చేసరికి అవతలి గట్టు మీదే కూర్చుని ఉండేది.

బడికి పోయే నేను రోజుకు రెండుసార్లు వాగు దాటేవాణ్ని. ఆమె నాలుగుసార్లు దాటేది.