ఎవరికీ ఇవ్వని గుడ్డ

మా అక్క చివరిగా చేసిన పని, ఒక ప్యాంటును కుట్టకుండా తిప్పి పంపడం.

శుక్రవారం సాయంత్రం తన టైలరు దుకాణం మూసే వేళకి బస్సు డ్రైవరొకాయన నల్ల ప్యాంటు పట్టుకొచ్చాడు. కాళ్ళు రెండంగుళాలు తగ్గించాలి. "అరగంట పని కదమ్మా, నీ చేతిలో అదెంత?" అన్నాడట. అక్క మెళ్ళోంచి టేపు తీసి కొక్కేనికి తగిలిస్తూ, "ఈ రోజు కుదరదండీ. మంగళవారం ఇస్తాను" అంది. కారణం కూడా చెబుతుందేమోనని ఆయన కాసేపు నిలబడ్డాడు. చెప్పలేదు. ఆయన వెళ్ళాక అక్క తలుపు దగ్గరగా వేసి, దుకాణం వెనక తను కాపురముండే గదిలోకి వెళ్ళి, కిటికీ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పక్కనున్న మందుల షాపావిడ ఏదో పనిమీద వచ్చేసరికి అక్కలో ప్రాణం లేదు. నిద్రపోతున్నట్టే ఉందట. గుండె ఆగిందని డాక్టరు రాశాడు.

ఈ సంగతి ఆ డ్రైవరే నాతో చెప్పాడు, తప్పు చేసినవాడిలా. "ఊరికే విసిగించానేమోనమ్మా" అన్నాడు. "లేదండీ, మీరెంత మంచి మాట చెప్పారో మీకు తెలీదు" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

ఆయనకేం తెలుసు? ముప్పై ఏళ్ళ పాటు ఆ దుకాణంలో ఎవరికీ "కుదరదు" అన్న మాట వినబడలేదు.

ఒకసారి ఒక తల్లీ కూతురూ కోటు కుట్టించుకోవడానికి వచ్చారు. మడమల దాకా ఉండాలని తల్లి, మోకాళ్ళ దాకా చాలని కూతురు. అక్క ఇద్దరికీ విడివిడిగా "సరే" అంది. కోటు పొడుగ్గానే కుట్టి, లోపల కనబడకుండా వరసగా టిచ్ బటన్లు పెట్టింది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మడమల దాకా ఉంటుంది. వీధి మలుపు తిరిగాక అంచు పైకి మడిచి పటపటా నొక్కుకుంటే మోకాళ్ళ దాకా వస్తుంది. నెలరోజులు తల్లికీ సంతోషం, కూతురికీ సంతోషం. తర్వాత ఆ తల్లి కోటు ఉతికింది. తిన్నగా దుకాణానికే వచ్చింది.

"నేను నిన్ను కోటు కుట్టమన్నానా, గారడీ చెయ్యమన్నానా?"

అక్క క్షమించమని అడిగి బటన్లన్నీ పీకేసింది. సాయంత్రం కూతురొచ్చి "ఇలా చేశారేంటాంటీ?" అంటే దాన్నీ క్షమించమంది. ఆ కథ చెప్పుకుని ఇంట్లో అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. అక్క కూడా నవ్వింది. మేం నవ్వుతుంటే తను నవ్వకుండా ఉండడం అక్కకి చేతకాదు.

ఇది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మా అమ్మకి కోపమొస్తే తిట్టేది కాదు, మాట్లాడ్డం మానేసేది. ఒక్కోసారి నాలుగు రోజులు. అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడు విని అక్క ఆ పూట ఎలా గడుస్తుందో చెప్పేసేది. "ఏమే, ఇవాళ నీ మార్కులు చూపించకు" అని నా చెవిలో ఊదేది. తను మాత్రం వెళ్ళి అమ్మ వెనకాలే నిలబడి, అడక్కుండానే పనులందుకునేది. అమ్మ నోరు విప్పేదాకా అక్కకి ముద్ద దిగేది కాదు. నేను ఆడుకునేదాన్ని. ఇప్పటికీ నాకు అది ప్రశాంతమైన ఇల్లుగానే గుర్తుంది.

యాభై రెండో ఏట అక్కకి కొరియన్ సీరియళ్ళ పిచ్చి పట్టింది. అంటించింది మందుల షాపావిడే. మిషనుకి ఫోను ఆనించుకుని, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ అంచులు కుట్టేది.

"చూడవే, ఫోన్లో మాట్లాడుతూ కూడా వంగి వంగి నమస్కారాలు పెడతారు. అవతలివాడికి కనబడదుగా!"

"నువ్వు చేసేదీ అదేగా. నిన్న కరెంటాఫీసు వాళ్ళతో మాట్లాడుతూ తల ఊపీ ఊపీ మెడ పట్టేసిందన్నావు."

పకపకా నవ్వింది. తర్వాత చాలాసేపు మిషను తొక్కలేదు.

ఇంకోరోజు నేను వెళ్ళగానే మొదలుపెట్టింది. "వాళ్ళ భాషలో నున్చి అని ఒక మాటుందే. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో అడక్కుండానే పసిగట్టడం."

"దాన్లో నీకు డాక్టరేటు ఇవ్వొచ్చు."

"ఇస్తారు, ఇస్తారు. ఊళ్ళోవాళ్ళందరి కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి. నావే లేవు."

ఆ ఏడాదే గ్రంథాలయం మేడ మీద, శనివారాలు, ఒక కొరియన్ టీచరు జొగక్బో నేర్పడం మొదలుపెట్టింది. మిగిలిపోయిన గుడ్డముక్కలు కలిపి కుట్టే పాత కళ అది. పూర్వం వాళ్ళ ఆడవాళ్ళు ఇంట్లో వస్తువులు చుట్టిపెట్టుకోవడానికి కుట్టుకునేవారట. అతుకులు రెండువైపులా మూసేస్తారు కాబట్టి దానికి లోపలివైపు, బయటివైపు అంటూ ఉండవు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అతుకులు గీతల్లా నిలబడి, ముక్కలు రంగుటద్దాల్లా వెలుగుతాయి. కుట్టడం అక్కకి ఒకరు నేర్పక్కర్లేదు. చిక్కంతా వేరేచోట వచ్చింది. అక్కడ నమూనా కాగితమేమీ ఇవ్వలేదు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో కుట్టేవాళ్ళే చూసుకోవాలి.

"ఏది పెట్టమంటారు?" అని అడిగిందట అక్క.

"మీకేది నచ్చితే అది" అంది టీచరు.

ఏ ముక్క మీద చూపు ఆగుతుందోనని అక్క ఆవిడ మొహం వంకే చూసింది. ఆ టీచరు గట్టి మనిషి. తల తిప్పేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చుంది. మూడు శనివారాలు అక్క రెండు ముక్కలైనా కలపకుండా ఇంటికొచ్చింది.

"పోనీ, మానెయ్యరాదూ?" అన్నాను.

"ఇంత వయసొచ్చింది. నాకేది ఇష్టమో నాకే తెలీదంటే నవ్విపోరూ? అది తేలేదాకా మానను."

నాలుగో శనివారం రెండు ముక్కలు కలిపింది. ఆ గుడ్డ పూర్తవడానికి ఏడాదిన్నర పట్టింది.

సరిగ్గా అప్పుడే నేను కొత్త ఇంట్లోకి మారాను. ముందుగది కిటికీ బోసిగా ఉంది. అక్క దగ్గరికి వెళ్తే గుడ్డ బల్ల మీద పరిచి ఉంది.

"అక్కా, ఇది నా కిటికీకి కొలిచినట్టు సరిపోతుందే!"

"సరిపోతుంది."

"మరింకేం, మడిచి ఇచ్చెయ్."

అక్క చేతులు గుడ్డ మీద ఆగిపోయాయి.

"ఇవ్వను."

నేను నవ్వాను. "చాల్లే, వేళాకోళం."

"వేళాకోళం కాదే. నీకు ఇంకోటి కుట్టి..." అని ఆగింది. "అది కూడా ఇప్పుడే మాటివ్వను. ఇది మాత్రం నాది."

"చెల్లెలు అడిగినా ఇవ్వవా?"

"నువ్వడిగావు కాబట్టే చచ్చేంత కష్టంగా ఉంది. కోపమొస్తే నాలుగు తిట్టు. మాట్లాడ్డం మాత్రం మానెయ్యకు."

మానేశాను. పదకొండు రోజులు. మా అమ్మ కూతురినే కదా. పన్నెండో రోజు సిగ్గేసి నేనే ఫోను చేశాను.

"ఏమే, బతికే ఉన్నావా?" అంది. గొంతులో బెరుకు లేదు.

"నీకు నిద్ర పట్టిందా అసలు?"

"మొదటి రెండు రోజులూ పట్టలేదు. మూడోరోజు నుంచి పట్టింది. నువ్వు మాట్లాడకపోయినా తెల్లారుతోందే!"

లోకంలో ఎవరికీ తెలియని సంగతి తనే కనిపెట్టినట్టు చెప్పింది. నాకు మొదట ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ రోజు ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం.

అటు తర్వాత అక్క ఎనిమిది నెలలు బతికింది. గుడ్డ తన కిటికీకే కట్టుకుంది. ఏడుపొచ్చినప్పుడల్లా నేను ఆ కుర్చీని తలుచుకుంటాను. పొద్దుటి నుంచీ పని చేసి, ఇక చాలనుకుని, చాలని పైకే చెప్పి, వచ్చి కూర్చుంది. నా గుండెల మీంచి బరువు దిగుతుంది.

నెల పోయాక టీచరు ఒక రేకుడబ్బా తెచ్చిచ్చింది. క్లాసులో అక్క వాటాకి వచ్చి, వాడకుండా మిగిలిన ముక్కలట. మూత తీశాను. అన్నీ ఆకుపచ్చవే. చిలకపచ్చ, నాచురంగు, లేత చివుళ్ళ రంగు.

"ఇవెందుకు మిగిల్చిందండీ? తనకి ఆకుపచ్చంటే ప్రాణం" అన్నాను.

మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. అక్కకి ఇరవయ్యో ఏట అమ్మ ఒక ఆకుపచ్చ శాలువా కొనిచ్చినప్పుడు, తనే ఆ మాటంది. అప్పట్నుంచీ పుట్టినరోజుకి ఎవరం ఏది కొన్నా ఆ రంగే. అక్కని కడసారి సాగనంపే రోజున కూడా బీరువా అంతా వెతికి, కొత్త ఆకుపచ్చ బట్టలు తీసి నా చేతులతో నేనే వేశాను.

టీచరు తల అడ్డంగా ఊపింది. నాలుగో శనివారం అక్క వచ్చీ రాగానే చేసిన పని, ఆకుపచ్చ ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టడమట. "ఈ రంగు నాకు చిన్నప్పట్నుంచీ పడదండీ" అందట.