కుమెజో బూట్ల అధికరణం

చక్రవర్తిగారు మా జపాను దేశానికి రాజ్యాంగం ఇంకా ప్రసాదించలేదు. ఎదురుచూసి విసుగెత్తి, ఆయన మెయిజీ ఏలుబడి పద్నాలుగో ఏట మా కుజుసావా వాళ్ళం మేమే రాయడం మొదలుపెట్టాం. నూట ఎనభై గడపల కొండ ఊరు. పట్టుపురుగులకు మేత వేసే వేళ తప్ప తక్కిన వేళంతా రాజ్యాంగమే!

కుమెజో చెక్కతొట్లు చేసేవాడు. యాభై నాలుగేళ్ళలో కారే తొట్టి ఒక్కటీ అమ్మలేదని ఒక పేరు, మాట తప్పలేదని ఇంకో పేరు. ఈ రెండో పేరుతో వేగలేక ఆయన భార్య ఒతాకి చాలా చిక్కిపోయింది.

ఆ వసంతంలో దొంగసారా వెతుకుతూ ఇవాసె అనే పోలీసు కుమెజో ఇంట్లో జొరబడ్డాడు. దొరికింది ఊరేసిన ముల్లంగి. అది క్షమించవచ్చు. కానీ బూట్లతో వచ్చాడు! కొత్త తతామి చాపల మీద గుమ్మం నుంచి పొయ్యి దాకా పదకొండు బురద అడుగులు. కుమెజో వాటిని తుడవనివ్వకుండా తిన్నగా మా చర్చాసంఘానికి వచ్చాడు. దేశానికి రాజ్యాంగం ఎందుకో ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆయన ప్రతిపాదన ఇది: “వ్రాతపూర్వక ఉత్తర్వు లేనిదే ఏ అధికారీ ఎవరి ఇంటా అడుగుపెట్టరాదు. ఉత్తర్వు ఉన్నను, బూట్లు విప్పవలెను.”

బడి మాస్టారు తోయామా విదేశీ గ్రంథాల కట్ట విప్పారు. “ఇంగ్లండులో రాజైనా గడప అవతలే ఆగాలట!”

“బూట్లు విప్పి ఆగుతాడా, వేసుకునా?” అన్నాడు కుమెజో.

మాస్టారు ఫ్రాన్సు గాలించారు, అమెరికా గాలించారు, ప్రష్యా గాలించారు. చివరికి నీరసంగా తలెత్తి, “వాళ్ళు ఇళ్ళల్లో కూడా బూట్లతోనే తిరుగుతారయ్యా,” అన్నారు.

సభ జరిగేది పట్టు వ్యాపారం చేసే ఒకినె గారి మేడ మీద. ఆవిడ నిట్టూర్చింది. “పాపం! అందుకే అక్కడ అన్ని విప్లవాలు.”

మొదటి సగం ప్రపంచం దగ్గర తీసుకుందాం, రెండో సగం ప్రపంచానికి మనమే ఇద్దాం అని తేలింది. ఎంత ఉప్పొంగిపోయామో!

ఇక మా సంఘం నియమం. వాదించేది ఇద్దరే, ఎవరు ఏ పక్షమో చీటీ చెబుతుంది. ఏ చీటీ వస్తే ఆ పక్షమే వాదించాలి, ఆ పక్షానికే చెయ్యెత్తాలి; తక్కినవాళ్ళ చేతులు వాళ్ళ ఇష్టం. మాస్టారు ముద్ర వేశాక, వీగిన అధికరణం మళ్ళీ లేవదు.

కుమెజో చీటీ తీశాడు. “వ్యతిరేకం.”

మెట్ల మీద నుంచి ఒతాకి మొత్తుకుంది. “కడుపునొప్పని ఇంటికి పోయి పడుకో, మహానుభావా! అది నీ అధికరణం!”

“నన్ను కారే తొట్టి చెయ్యమంటావుటే?” అన్నాడాయన, లేచి నిలబడ్డాడు.

వాదించాడు చూడండి! “దొంగ నా తొట్టిలో దాక్కున్నాడు. పోలీసు గుమ్మంలో కూర్చుని పదహారు కన్నాల బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు. ఆ విప్పడం అయ్యేసరికి దొంగ ఏరు దాటి, పెళ్ళాడి, మనవళ్ళని ఎత్తుకుంటాడు! మీ చాప గొప్పదా, మీ ప్రాణం గొప్పదా?”

ఆయన వాదనలో ఎక్కడా చుక్క కారలేదు. చేతులు లెక్కపెట్టారు. పన్నెండు వ్యతిరేకం, తొమ్మిది అనుకూలం. తన అధికరణాన్ని తానే ముంచాడు. మాస్టారు ముద్ర కోసం తడుముకుంటున్నారు.

సభల మీద కన్నేసి ఉంచే అధికారంతో ఇవాసె అంతవరకూ మూలన మేజోళ్ళతో కూర్చున్నాడు. బూట్లు కింద విప్పించింది ఒకినె గారే. ఇప్పుడాయన పట్టరాని సంతోషంతో కిందికి పరుగెత్తాడు, బూట్లు తొడుక్కున్నాడు, ధన్ ధన్‌మని పైకొచ్చి చాపలన్నీ తొక్కుకుంటూ కుమెజోను కౌగిలించుకున్నాడు. “శభాష్! బుద్ధిమంతుడంటే నువ్వయ్యా!”

అందరం చాపల వైపు చూశాం. ఒకినె గారు చీపురు వైపు చూసింది.

“ముద్ర ఇంకా పడలేదు,” అన్నారు మాస్టారు అతిగంభీరంగా. “మరోసారి చేతులెత్తండి. అనుకూలం?”

అడవి లేచినట్టు లేచాయి! ఇరవై!

“వ్యతిరేకం?”

ఒక్క చెయ్యి. కుమెజోది. బుగ్గల మీద ఆనందబాష్పాలు కారుతున్నా చెయ్యి మాత్రం నిటారుగానే ఉంది.

“దించవయ్యా, నెగ్గింది నీ అధికరణమే!”

“చీటీ అట్లా వచ్చింది మాస్టారూ. ఒకటని రాసుకోండి.”

మాస్టారు రాసుకుని, ముద్ర గట్టిగా అద్దారు.

“పొద్దుటి నుంచీ తిండి లేదు,” అంది మెట్ల మీద ఒతాకి కళ్ళు తుడుచుకుంటూ. “ఆ చెయ్యి దించితే ఇంటికి పోదాం.”