స్టీరింగు వణికిన దారి

మిర్యాలగూడలో మా అక్క భర్త, బావగారి పదో రోజు. సూర్యాపేట నుంచి దగ్గరి దారి నిండా గుంతలే. తొమ్మిది నెలల పాపతో కష్టమని కోదాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలనుకున్నాం. ఉదయం ఆరున్నరకు మా పాత కారులో బయలుదేరాం. మా ఆయన నడుపుతున్నారు. వెనక సీట్లో ఎడమ పక్కన నేను, నా ఒడిలో పాప.

ఊరు దాటగానే స్టీరింగు వణకసాగింది. ఎంత బిగించి పట్టుకున్నా ఆయన చేతులు మోచేతుల దాకా అదురుతున్నాయి.

"ఆపి ఎవరికన్నా చూపిద్దామండి."

"పాత బండి కదా, జర ఊగుతది. నువ్వు పరేషాన్ గాకు."

అప్పటి నుంచి నా కళ్లు మీటరు ముల్లును వదల్లేదు.

మునగాల దగ్గర రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. కోతల రోజుల్లో ఈ దారిన వచ్చేవారు నిదానంగా రావాలి. పోయిన నెల అలాంటి రాయే మా వెనక టైరుకు తగిలింది. పంచరయిందని చెప్పి ఆయన బాగు చేయించుకొచ్చారు. ఇవాళ మునగాలలోనే హోటల్లో ఇడ్లీ తిన్నాం.

ఎనిమిదింటికి కోదాడ. నేను పట్టుబట్టాక ఒక షెడ్డు ముందు ఆపారు. నెరిసిన గడ్డం మెకానిక్ బయటికొచ్చి, ఎప్పుడు ఊగుతుందని అడిగాడు.

"ఎప్పుడూ గింతే" అన్నారు మా ఆయన.

"కాదు. నలభై దాటితేనే ఊగుతది. బ్రేకు తొక్కితే ఎక్కువేం కాదు" అన్నాను.

"బండి మీరు తోలుతున్నారు గానీ సార్, చూసేది అమ్మగారే" అని నవ్వాడు. "బ్రేకుకు ఊగితే బ్రేకు డ్రమ్ము అనుకోవాలి. గుంతల్లో కొట్టుకుంటే జాయింట్లు. ఇట్లా స్పీడుకు వచ్చేది చక్రంలోనే ఉంటది."

ముందు భాగం జాకీ మీద లేపి, చక్రం తిప్పుతూ టైరుకు దగ్గరగా సుద్దముక్క పట్టుకున్నాడు. ఎడమ చక్రానికి ఎక్కడా అంటలేదు. కుడి చక్రానికి తిరిగిన ప్రతిసారీ ఒకేచోట, టైరు ఉబ్బిన దగ్గర, గీత పడింది. టైరు విప్పితే లోపల జానెడు పాత టైరు ముక్క అతికించి ఉంది.

"టైరు కోసుకుపోతే ఈ అతుకు, గేటరు వేశారు. దీన్ని ముందుకు ఎవరు ఎక్కించారు సార్?"

మా ఆయన నేల చూస్తూ అన్నారు: "నేనే. ఇది వెనక ఎడమ దిక్కుండె. గాడ పాప పండుకుంటది. పేలితే నా దిక్కే పేలాలని మార్పిచ్చిన."

"వెనకది పేలితే ఎట్లనో ఆపుకోవచ్చు సార్. ముందుది పేలితే స్టీరింగు మీ మాట వినదు. మీ దిక్కు, వాళ్ల దిక్కు అని ఉండదు. అందరూ పోతారు."

స్టెప్నీని ముందు బిగించి, ఆ టైరును డిక్కీలో పడేశాడు.

పన్నెండు కావస్తుండగా మిర్యాలగూడ చేరాం. అక్క నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లింది.

"పోకముందు నెల సంది మీ బావకు ఛాతీల నొప్పంట చెల్లె. దవాఖాన చీటీ నిన్న అంగీ జేబుల దొరికింది. నాకు చెప్తే భయపడతననుకున్నడేమో."

నాలుగింటికి తిరుగుప్రయాణం. ఈసారి పాపతో ముందు సీట్లో కూర్చున్నాను. గరిడేపల్లి దాటాక అడిగాను.

"మీకు ఒంట్ల బాగలేకుంటే నాకు చెప్తరా?"

"చెప్త తియ్యి" అన్నారు వెంటనే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

యాభై మీద పోతున్నా స్టీరింగు కదలడం లేదు. ఊగినంతసేపూ ఏదో లోపం ఉందని నాకైనా తెలిసేది.