బ్లీచింగమ్మ తొట్టి

మా పెద్దమ్మను అద్దకం ఫ్యాక్టరీలో అందరూ బ్లీచింగమ్మ అంటారు. చాటుగానే లెండి, ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. శుభ్రం ఆవిడకు రోగం. తుడిచిన గచ్చునే మళ్ళీ తుడుస్తుంది, మనం కూర్చుని లేచిన కుర్చీనీ తుడుస్తుంది. ఒకసారి ఆవిడ ఆడపడుచు ఇంటికొచ్చి, తిన్నాక సాయంగా గిన్నెలన్నీ కడిగిపెట్టింది. పెద్దమ్మ ఆమె కళ్ళముందే వాటిని మళ్ళీ సింకులో వేసి తోమింది. "ఇక నీ గడప తొక్కితే ఒట్టు వదినా" అని ఆడపడుచు వెళ్ళిపోయింది. ఇద్దరూ పనిచేసేది ఒకే వీధిలో, పక్కపక్క ఫ్యాక్టరీల్లో. ఎదురుపడితే ఒకరు ఆకాశం చూస్తారు, ఇంకొకరు చెప్పులు చూసుకుంటారు.

పూర్వం మా ఫ్యాక్టరీ రంగునీళ్ళు తిన్నగా కాలవలోకి పోయేవి. కాలవ ఎర్రగా ఉంటే ఆ రోజు ఎర్రగుడ్డ అద్దుతున్నట్టు. తర్వాత చట్టం బిగిసింది. శుద్ధి చేయందే చుక్క కూడా బయటికి వదలకూడదన్నారు. గొట్టం చివర మీటరు పెట్టారు. నీళ్ళలో మురికి హద్దు దాటితే అది కాలుష్యం ఆఫీసుకు చేరవేస్తుంది. యజమాని లబోదిబోమంటూనే పెద్ద తొట్టి కట్టించాడు. అందులో ఉండేది కంటికి కనబడని సూక్ష్మజీవులు. అడుగునుంచి గాలి కొడుతుంటే నీళ్ళలోని మురికి తిని బతుకుతాయి. చూడ్డానికి మాత్రం గోధుమరంగు బురద, పైన నురగ, మంచి కంపు. శుభ్రంగా చూసుకుంటుంది కదా అని ఆ తొట్టి పని పెద్దమ్మకిచ్చారు. గొర్రెల మందకు తోడేలును కాపలా పెట్టినట్టయింది.

"ఇవి ప్రాణాలమ్మా. సెలవుల్లో తిండి ఉండదు కాబట్టి బెల్లం నీళ్ళు పోయాలి" అని తొట్టి బాధ్యత చూసే ఇంజనీరమ్మ ఓపికగా చెప్పింది. పెద్దమ్మ తలూపింది, పోసింది కూడా. కానీ ఆ బురదను చూసినప్పుడల్లా ఆవిడకు ఒళ్ళు జలదరించేదట.

సోమవారం అధికారులు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. చుట్టాలొస్తుంటే ఇల్లు కడుక్కోమా? ఆదివారం పెద్దమ్మ ఒక్కతే వెళ్ళి తొట్టిలో బ్లీచింగ్ పౌడర్ బస్తా కుమ్మరించింది.

మర్నాడు నురగ లేదు, కంపు లేదు. ఇంజనీరమ్మ తొట్టి పక్కన కూలబడిపోయింది.

"ఏం వేశారమ్మా?"

"బ్లీచింగ్. చూడు, ఎంత తేటగా ఉందో!"

"అన్నిటినీ చంపేశారమ్మా."

మిషన్లు మొదలయ్యాక రంగునీళ్ళు తొట్టిలోకి ఎలా వచ్చాయో అలాగే బయటికి పోయాయి. మీటరు అధికారుల ఎదుటే మొత్తుకుంది. వాళ్ళు అద్దకం ఆపించేశారు. వారంలో తొట్టి బాగుపడకపోతే ఫ్యాక్టరీకి తాళమే అన్నారు. ప్యాకింగులో ఉండే నాతో సహా అందరం గోడవారన నిలబడిపోయాం. ఎవరూ పెద్దమ్మను తిట్టలేదు, అదే ఆవిడకు పెద్ద దెబ్బ. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"బ్లీచింగ్ ఘాటు పోయాక బతికున్న బురద తెచ్చి కలిపితే మళ్ళీ పుంజుకుంటాయి. పాలకు తోడు వేస్తాం చూడండి, అలాగ" అంది ఇంజనీరమ్మ. పక్క ఫ్యాక్టరీ యజమాని సరేనన్నాడు గానీ, "మా తొట్టి చూసే ఆవిడ ఒప్పుకోవాలి, ఆవిణ్ణే అడగండి" అని తప్పుకున్నాడు. ఆ ఆవిడ మా పెద్దమ్మ ఆడపడుచే.

ఖాళీ పీపాలు బండి మీద పెట్టుకుని నేనూ పెద్దమ్మా వెళ్ళాం. ఆడపడుచు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏంటి వదినా, దారి తప్పొచ్చావా?"

"కాదు, నీ దగ్గరికే. కొంచెం బురద కావాలి."

"నేను కడిగిన గిన్నెలే పనికిరాలేదు. నా బురద పనికొస్తుందా?"

పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అప్పుడూ తప్పు నాదే, ఇప్పుడూ నాదే. ఇంతమంది పొట్ట కొట్టాను. నువ్వు కాదంటే నేనెవరికీ ముఖం చూపించలేను."

ఆడపడుచు నడుం మీంచి చెయ్యి తీసింది. తర్వాత బకెట్ అందుకుంది. "ఆ పీపా ఇలా వంచి పట్టుకో. బెల్లం రెడీగా పెట్టావా? వెళ్ళగానే ఆకలంటాయి."

బురద పెద్దమ్మ మోచేతులదాకా చిందింది. ఆవిడ తుడుచుకోలేదు.

గడువు లోపలే తొట్టి మళ్ళీ గోధుమరంగుకు తిరిగింది, కంపు కొట్టింది. ఆ కంపుకు మేం అంతగా సంతోషిస్తామని ఎప్పుడూ అనుకోలేదు. మీటరు నోరు మూసుకుంది. ఇప్పుడు శుద్ధయిన నీళ్ళలో సగం తిరిగి అద్దకానికే వాడుతున్నాం. పెద్దమ్మ పని పోలేదు. కాకపోతే బ్లీచింగ్ బస్తాలున్న గది తాళంచెవి ఇంజనీరమ్మ దగ్గరే ఉంటోంది.

మొన్న ఆడపడుచు ఒట్టు తీసి గట్టున పెట్టి భోజనానికొచ్చింది. తిన్నాక, ఎవరూ చెప్పకుండానే సింకు దగ్గరికెళ్ళి గిన్నెలు కడిగింది. కావాలనే చేసిందని నా అనుమానం. ఒక గ్లాసు అంచున సబ్బు నురగ అలాగే ఉండిపోయింది. నేను చూశాను, పెద్దమ్మా చూసింది. గ్లాసు చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత అందులోనే మంచినీళ్ళు పోసుకుని తాగేసింది.